సౌత్ నహన్ని నది కొండల్ని అడ్డంగా ఎందుకు కోసింది?

పటాలపిచ్చి: కెనడాలో మెకంజీ పర్వతాల మ్యాపు చూస్తున్నాను. సౌత్ నహన్ని నది ఒక్కో కొండ వరసనూ అడ్డంగా కోసుకుని దిగుతోంది. వరసల మధ్య పల్లపు లోయలున్నా వాటిలోకి ఎందుకు మళ్లలేదు? ఇంకోటి, ప్రవాహం వెంట వస్తుంటే ముందు నాలుగో కాన్యన్ (నది కోసిన లోతైన ఇరుకు లోయ), ఆఖర్న ఒకటోది. అచ్చుతప్పా?

రాతిపొర: అచ్చుతప్పు కాదు. పేర్లు పెట్టినవాళ్లు దిగువన లియర్డ్ నది వైపు నుంచి ఎదురెక్కి వచ్చారు, వాళ్లకు ముందు తగిలింది ఒకటోది.

అసలు ప్రశ్నకి: కొండలకన్నా నది పాతది. చదును నేల మీద మెలికలు తిరిగే రోజుల్లోనే దాని దారి ఖాయమైంది. తర్వాత నేల మెల్లగా పైకి లేస్తుంటే, నది ఉన్నచోటే లోతుకు కోసుకుంది. గోడలు కొన్నిచోట్ల 1,000 మీటర్లు దాటతాయి. మూడో కాన్యన్‌లో ‘ద గేట్’ దగ్గర జూమ్ చేయండి. నది దాదాపు లంబకోణంలో తిరుగుతుంది. అది మైదానపు నది వేసే వంపు, రాతిలో ఇరుక్కుపోయింది. చివరి మంచుయుగంలో దిగువ కాన్యన్ల గుండా హిమనదాలు పారలేదు, అందుకే ఆ గోడలు ఇంకా నిటారుగా ఉన్నాయి. పారి ఉంటే ఒరుసుకుని ‘యూ’ ఆకారం వచ్చేది.

సున్నపురాయి: రాతిపొర గారూ, నాలుగోదాన్ని ఆ లెక్కలో కలపకండి. దాని కథ వేరు. వర్జీనియా జలపాతం (96 మీటర్లు, అక్కడి ఆదివాసులు డెనె వాళ్ల పేరు నాయిలిచో) సున్నపురాయిని తొలుచుకుంటూ ఎగువకు జరుగుతూ వచ్చింది. జరిగినంత మేరా వెనక మిగిలిన గాడే నాలుగో కాన్యన్.

పటాలపిచ్చి: ఇద్దరికీ థాంక్స్. స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిస్తే దూరాలన్నీ రెట్టింపు పైనే వస్తున్నాయి, ఎందుకంటారు?

గడినక్ష: ఆ స్కేలు భూమధ్యరేఖదై ఉంటుంది. వెబ్ మ్యాపులు చాలావరకు మెర్కేటర్, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచి గీసే ఒక పద్ధతి. జలపాతం 61°36′ ఉత్తరాన ఉంది. అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 53 కి.మీ., భూమధ్యరేఖ మీద 111. మ్యాపు రెంటినీ ఒకే వెడల్పున గీసి, ఆకారం చెడకుండా నిలువునా అంతే సాగదీస్తుంది. వచ్చిన పొడవును 2.1తో, విస్తీర్ణాన్ని 4.4తో భాగించండి. 1:50,000 టోపో షీటు (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) తీసుకుంటే ఈ గోలే లేదు, ఒక గడి అంటే 1 కి.మీ.

పడవ ప్రయాణానికే అయితే, మ్యాపులో చదునుగా కనిపించే ఇసుకమేటల్ని గుడారానికి నమ్మొద్దు. ఎగువన బోడి రాళ్లు, చాలాచోట్ల లోపల గడ్డకట్టిన నేల. వాన ఇంకదు, నేరుగా నదిలో పడుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కురిస్తే రాత్రికి నీరు లేస్తుంది. సాయంత్రం నీటి అంచున పుల్ల గుచ్చండి, పడుకునే ముందు మళ్లీ చూడండి. పడవను పైకి లాగి, బోర్లించి, చెట్టుకు కట్టేయాలి.

సున్నపురాయి: ఎగువన రాబిట్‌కెటిల్ వేడినీటి బుగ్గల దగ్గర టూఫా (నీటి సున్నం పేరుకున్న రాయి) దిబ్బలు కూడా చూడండి, పెద్దది దాదాపు 27 మీటర్ల ఎత్తు. పొర్లే నీరు వదిలిన సున్నం మెట్లుమెట్లుగా పేరుకుంది. మెట్ల అంచులు బూటు తగిలితే పెళుసుగా విరుగుతాయి. అందుకే అక్కడి నేషనల్ పార్కు సిబ్బంది వెంట ఉంటేనే, అదీ చెప్పులు విడిచి ఎక్కనిస్తారు.