గుంటూరు, బెజవాడల్లో బీఏ ఎకనామిక్స్‌కి ఏ కాలేజీ మంచిది?

బ్రాడీపేట_అమ్మాయి
ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎంసెట్ రాశాను గానీ ఇంజినీరింగ్ మీద అస్సలు మనసు లేదు. ఇంట్లో పెద్ద గొడవే అయ్యి చివరికి నాన్న ఒప్పుకున్నారు, కానీ "చేరితే మంచి కాలేజీలో చేరు, లేదంటే నోరు మూసుకుని బీటెక్‌కి పో" అన్నారు. నాకు ఎకనామిక్స్ మేజర్‌గా, అంటే మెయిన్ సబ్జెక్టుగా కావాలి, పాలిటిక్స్ కూడా ఇష్టం, తర్వాత ఎంఏ చెయ్యాలని ఉంది. అమ్మేమో గుంటూరులోనే గవర్నమెంట్ ఉమెన్స్ కాలేజీ ఉండగా ఊళ్ళు పట్టుకుని తిరగడం ఎందుకంటోంది. ఏసీ కాలేజీ, హిందూ కాలేజీ, జేకేసీ కూడా ఇక్కడే ఉన్నాయి. బెజవాడలో లయోలా, స్టెల్లా, ఎస్సారార్ పేర్లు చెప్తున్నారు. పేరున్న కాలేజీలో చేరితే నిజంగా తేడా ఉంటుందా, లేక అన్నీ ఒకటేనా? రోజూ వెళ్ళిరావడం అయ్యే పనేనా? ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం తప్పనిసరి. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కృష్ణలంక_కుర్రోడు
పేరు చూసి చేరకు చెల్లీ, డిపార్ట్‌మెంట్ చూసి చేరు. నేను చదివిన కాలేజీ పేరు చెప్పను. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద న్యాక్ గ్రేడు (కాలేజీల ప్రమాణాలు చూసి ఇచ్చే రేటింగ్) మనిషెత్తు అక్షరాల్లో ఉండేది, లోపలేమో ఎకనామిక్స్ సార్ రిటైరయ్యాక ఆ పోస్టు ఎవరితోనూ నింపలేదు. సెకండియర్‌లో కామర్స్ మేడమ్ వచ్చి గైడు చూసి చదివి వెళ్ళేవారు, పాపం ఆవిడనీ అనలేం, ఆ క్లాసులు ఆవిడకి అంటగట్టారు.

అందుకే అప్లై చేసే ముందు ఒకరోజు నాన్నని తీసుకుని కాలేజీకి వెళ్ళు, ప్రిన్సిపాల్ రూమ్‌కి కాదు, నేరుగా స్టాఫ్‌రూమ్‌కి. గోడ మీద టైమ్‌టేబుల్ అంటించి ఉంటుంది. ఎకనామిక్స్ గళ్ళలో ఎవరెవరి ఇనీషియల్స్ ఉన్నాయో చూడు. అన్నిట్లో ఒకటే ఉంటే డిపార్ట్‌మెంట్ మొత్తం ఆ ఒక్క మనిషే అని అర్థం. ఆయన సెలవు పెడితే క్లాసు లేనట్టే. తర్వాత లైబ్రరీకి వెళ్ళి ఎకనామిక్స్ బీరువాలోంచి ఏదో ఒక పుస్తకం తియ్యి. అట్ట లోపల తేదీలు ముద్ర వేసే కాగితం ఉంటుంది కదా, ఆఖరి ముద్ర ఏ ఏడాదిదో చూస్తే అక్కడ ఎవరైనా చదువుతున్నారో లేదో తెలిసిపోతుంది. బీరువాకి తాళమే తియ్యకపోతే ఇంక చూడక్కర్లేదు, వచ్చెయ్.

సింగిల్_టీ
ఎక్కడ బీఏ చేసినా చివరికి గ్రూప్స్ కోచింగే కదండీ, ఈ మాత్రం దానికి ఇంత టెన్షనా.

కృష్ణలంక_కుర్రోడు
@సింగిల్_టీ ఆ కోచింగ్‌లో బీటెక్ వాళ్ళు కూర్చుని బట్టీ పట్టేది మా బీఏ సబ్జెక్టులే సార్.

చాక్‌పీస్_మాస్టారు
డిగ్రీలో పాఠాలు చెప్తాను కాబట్టి రెండు మాటలు. అమ్మా, ముందు అసలు సంగతి. ఇదివరకు హెచ్‌ఈపీ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా చదివేవాళ్ళు. 2023 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ తెచ్చారు, ఆ పద్ధతిలో ఒక్కటే మేజర్, పక్కన రెండో సబ్జెక్టుగా ఒక మైనర్. ఆ తర్వాత కూడా ఉన్నత విద్యామండలి మార్పులు చేస్తూనే ఉంది కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదువుకో, సీనియర్లు చెప్పింది వాళ్ళ బ్యాచ్‌కే వర్తించొచ్చు. ఇంకోటి, మేజర్‌లో మరీ తక్కువమంది చేరితే సెక్షన్ నడపకుండా "వేరే మేజర్‌కి మారండి" అనే కాలేజీలు ఉన్నాయి. కిందటేడు ఎకనామిక్స్‌లో ఎంతమంది చేరారు, ఇప్పుడు ఎంతమంది క్లాసుకి వస్తున్నారు అని నిర్మొహమాటంగా అడుగు.

నువ్వు ఎంపీసీ కావడం కలిసొచ్చింది. మంచి యూనివర్సిటీల్లో ఎంఏ ఎకనామిక్స్ ఎంట్రన్సుల్లో లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగానే అడుగుతారు, బీఏ పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. కాబట్టి ఎకనామిక్స్‌తో పాటు మ్యాథ్స్‌గానీ స్టాటిస్టిక్స్‌గానీ మైనర్‌గా తీసుకోనిచ్చే కాలేజీకి నా ఓటు. రూల్ ప్రకారం తీసుకోవచ్చు అంటారు, ఆ రెండు క్లాసులూ ఒకే టైమ్‌లో పెడితే ఏం లాభం? అదీ అడుగు. పాలిటిక్స్ సొంతంగా చదువుకోవచ్చు, లెక్కలు అలా కుదరదు.

అటానమస్ అంటే సిలబస్, ప్రశ్నపత్రం కాలేజీవే, పట్టా మాత్రం యూనివర్సిటీది. బెజవాడ కాలేజీలైతే కృష్ణా యూనివర్సిటీ, గుంటూరువైతే నాగార్జున. అటానమస్‌లో సిలబస్ కొత్తగా ఉండే అవకాశం ఉంది, చెప్పేవాళ్ళు లేకపోతే అదే మైనస్. పాత సెమిస్టర్ పేపర్లు సంపాదించి చూడు. ఏటా అవే ప్రశ్నలు తిరగేసి ఇస్తుంటే నీకే తెలుస్తుంది.

రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టి కన్వీనర్ కోటాలోనే, అంటే కాలేజీ సొంతంగా కాకుండా ప్రభుత్వం తరఫున నింపే సీట్లలోనే, సీటు తెచ్చుకోవాలి. "ముందు డబ్బు కట్టి చేరిపోండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. హాజరు 75 శాతం ఉండాలి.

బ్రాడీపేట_అమ్మాయి
చాలా థ్యాంక్స్ మాస్టారూ, మైనర్ సంగతి అసలు తెలియదు. ఇంకో డౌట్, నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ మొత్తం ఇంగ్లీషేనంట కదా?

చాక్‌పీస్_మాస్టారు
అవును, 2021 నుంచి కొత్తగా చేరేవాళ్ళకి ఇంగ్లీష్ మీడియమే. క్లాసులో సగం తెలుగులోనే చెప్తాం, అందులో సిగ్గేం లేదు. ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లీషులో రాయడం ప్రాక్టీస్ చెయ్యి. బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో వెతికితే చవగ్గా దొరుకుతాయి.

మంగళగిరి_స్టాప్
నేను గుంటూరు నుంచి బెజవాడ వెళ్ళి చదివాను, ప్రయాణం గురించి చెప్తా. స్టెల్లా అయితే రైలు కంటే బస్సు నయం, కృష్ణ మీద వారధి దాటాక దిగి బెంజి సర్కిల్ వైపు ఆటో ఎక్కితే సరిపోతుంది. ఎస్సారార్ మాచవరంలో, లయోలా ఇంకా లోపలికి, స్టేషన్‌లో దిగినా మళ్ళీ సిటీ బస్సు ఎక్కాల్సిందే. పాసింజర్ రైలు బెజవాడకి ముందు కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర సిగ్నల్ కోసం ఆగిందా, ఫస్ట్ పీరియడ్ గోవిందా. సాయంత్రం ఇంటికొచ్చాక చదివే ఓపిక ఉండదు, అందుకే రోజూ తిరగడం కన్నా హాస్టల్ మేలంటాను. డబ్బు కుదరకపోతే గుంటూరులోనే మాస్టారు చెప్పినవన్నీ ఉన్న కాలేజీ చూసుకో. మూడేళ్ళు రోడ్డు మీద పోయే టైమ్‌లో బోలెడు లెక్కలు చేసుకోవచ్చు.

ఇంకొకటి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, ఎకనామిక్స్ కూడా. దానికి సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్, రాయాలి. ఈసారి రాసుంటే వదలకు. రాయకపోయినా ఏం కాదు, డిగ్రీ అయ్యాక సీయూఈటీ పీజీ రాసి ఎంఏకి అక్కడికే వెళ్ళొచ్చు.

బ్రాడీపేట_అమ్మాయి
సీయూఈటీ రాయలేదక్కా. సోమవారం నాన్నతో ముందు ఉమెన్స్ కాలేజీకి, తర్వాత ఏసీ కాలేజీకి వెళ్తున్నాం. టైమ్‌టేబుల్ ఫొటో తీసి ఇక్కడ పెడతా, మాస్టారూ మీరే చూసి చెప్పాలి.

చాక్‌పీస్_మాస్టారు
పెట్టమ్మా, చూస్తాను. లెక్చరర్ల పేర్లు మాత్రం కనపడకుండా చేసి పెట్టు.