‘యూత్‌క్వేక్’ ఆల్బమ్: మొదటి పాట ధాటికి మరుగునపడిన సింగిల్స్

ప్రశ్న:
బ్రిటన్‌కు చెందిన డెడ్ ఆర్ ఎలైవ్ పాప్ బృందం 1985లో వెలువరించిన ‘యూత్‌క్వేక్’ ఆల్బమ్‌ను ఈ మధ్య మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా విన్నాను. ‘యూ స్పిన్ మీ రౌండ్’ అందరూ ఎరిగిన పాటే. అదే ఆల్బమ్ నుంచి మరో మూడు సింగిల్స్ (విడిగా విడుదల చేసిన పాటలు) వచ్చినా వాటి ఊసెత్తేవారు కనబడరు. బ్రిటన్‌లో సింగిల్స్ ఆదరణను చూపే పట్టికలో మొదటిది 1వ స్థానానికి ఎక్కితే, ‘లవర్ కమ్ బ్యాక్ టు మీ’, ‘ఇన్ టూ డీప్’, ‘మై హార్ట్ గోస్ బ్యాంగ్’ వరుసగా 11, 14, 23 స్థానాల దగ్గరే ఆగిపోయాయి. పాటల్లో పస తగ్గిందా, లేక అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండి శ్రోతలకు మొహం మొత్తిందా? యూరోబీట్ (సింథసైజర్లతో సాగే ఈ తరహా డాన్స్ సంగీతం) గురించి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
పస తగ్గలేదని నా అభిప్రాయం. హేజెల్ డీన్, డివైన్ పాడిన 1984 నాటి డాన్స్ పాటలు నచ్చి, వాటిని రూపొందించిన స్టాక్, ఎయిట్‌కెన్, వాటర్‌మన్ అనే నిర్మాతల త్రయమే తమకూ కావాలని గాయకుడు పీట్ బర్న్స్ పట్టుబట్టారు. ఆ కలయికలో పుట్టిన మొదటి సింగిల్ 1984 నవంబరులో విడుదలై, మెల్లమెల్లగా పైకి పాకి, 1985 మార్చిలో గానీ అగ్రస్థానం అందుకోలేదు. ఆ త్రయానికి బ్రిటన్‌లో దక్కిన తొలి అగ్రస్థానం అదే. అన్ని నెలలు జనం చెవుల్లో నానిన పాట వెనకాలే, ఏప్రిల్‌లో, రెండో సింగిల్ వచ్చింది. దానికి నిలదొక్కుకునే వ్యవధి ఎక్కడిది? మే నెలలో వచ్చిన ఆల్బమ్ మాత్రం 9వ స్థానం దాకా వెళ్లింది.

జవాబు 2:
‘ఒకే అచ్చు’ అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. నాలుగు దెబ్బలకూ పడే డ్రమ్ మెషిన్, ఒకే స్వరం మంద్రం నుంచి పై స్థాయికి గెంతుతూ సాగే సింథసైజర్ బేస్, వాటి మీద బర్న్స్ బరువైన గొంతు: మొదటి పాటకు ఊపిరి ఇవే, రెండో పాటలోనూ ఇవే. అయితే ‘ఇన్ టూ డీప్’ను ఆ గాటన కట్టడం న్యాయం కాదు. అందులో బాణీ మెత్తగా సాగుతుంది, బర్న్స్ గర్జించడం మాని నిజంగా పాడతారు. ఆల్బమ్ మొత్తంలో ఆయన గాత్రం అంత నిండుగా వినిపించే చోటు నాకు మరొకటి దొరకలేదు.

జవాబు 3:
బ్రిటన్ పట్టిక ఒక్కటే కొలమానం కాకూడదు. 1986లో అదే త్రయంతో చేసిన ‘బ్రాండ్ న్యూ లవర్’ బ్రిటన్‌లో 31 దగ్గర ఆగినా, అమెరికాలో 15వ స్థానానికి చేరింది. జపాన్ శ్రోతలైతే ఈ బృందాన్ని చివరిదాకా వదల్లేదు. 1990లో వచ్చిన ‘ఫ్యాన్ ద ఫ్లేమ్’ ఆల్బమ్ మొదట అక్కడే విడుదలైంది. జపాన్ రికార్డు సంస్థ అవెక్స్ ‘సూపర్ యూరోబీట్’ సంకలనాలు మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. ఆ తరువాత ఇటలీ సంగీతకారులు వేగం పెంచి ఈ బాణీని మరో మలుపు తిప్పారు గానీ, ఆ గెంతే బేస్‌ను మాత్రం విడిచిపెట్టలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ‘ఇన్ టూ డీప్’ను మిగతా పాటల నుంచి వేరు చేసి మళ్లీ విన్నాను, గాత్రం గురించి మీరన్నది అక్షరాలా నిజం. ‘లవర్ కమ్ బ్యాక్ టు మీ’ పన్నెండు అంగుళాల రికార్డు రూపాన్ని (డాన్స్ కోసం నిడివి పెంచినదాన్ని) కూడా విన్నవారుంటే, ఆల్బమ్‌లోని పాటకూ దానికీ తేడా ఎలా ఉందో తెలియజేయండి.