వంజంగిలో లెన్స్‌కి తేమ: హీటర్ పట్టీ ఎక్కడ చుట్టాలి?

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద జనవరిలో రాత్రి 2 నుంచి సూర్యోదయం దాకా టైమ్‌లాప్స్ (వరుస ఫొటోలను కలిపి చేసే వీడియో) తీస్తున్నాను. 14 ఎంఎం లెన్స్, ఎఫ్/2.8, 20 సెకన్లు, ఐఎస్ఓ 3200, మాన్యువల్ ఫోకస్. 4 దాటేసరికి ముందు గాజు మీద తేమ పడుతోంది, సరిగ్గా లోయలో మేఘాలు నిండే వేళకే.

కెమెరాను గంట ముందే చలిలో పెట్టి చూశాను. తుడిస్తే ఐదు నిమిషాల్లో మళ్లీ పట్టేస్తోంది. సిలికా జెల్ సంచిలోనే పనికొస్తుంది, ఆరుబయట కాదు. 5 వోల్టుల యూఎస్‌బీ హీటర్ పట్టీని ఫోకస్ రింగ్ పక్కన చుడితే తేమ ఆగింది గానీ గంటలో ఫొటోల్లో నక్షత్రాలు మసకబారి ఉబ్బిపోయాయి. రింగ్‌కి టేప్ వేసే ఉంది, కాబట్టి వేడికే ఫోకస్ పక్కకు జరిగిందనుకుంటున్నాను. హుడ్ అంచుకు జరిపితే వేడి గాజుకు చేరలేదు.

ఉబ్బెత్తు గాజు, ఊడని హుడ్ ఉన్న ఇలాంటి లెన్స్‌కి ఫోకస్ కదలకుండా పట్టీని సరిగ్గా ఎక్కడ చుట్టాలి?