సమస్య: నేను లేను గాని నేను గలను

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో. నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీవి.

*నేను లేను గాని నేను గలను*

సందర్భం హ్యారీ పోటర్ సినిమాల వాళ్ళంతా ఇరవై ఏళ్ళకు మళ్ళీ కలిసిన కార్యక్రమం. రాముడు, భీముడు వద్దు, హాగ్వర్ట్స్ బడి గోడ దాటకూడదు, అదొక్కటే షరతు. 2022 జనవరి 1న ప్రైమ్‌లో వచ్చింది, చూడనివాళ్ళు చూసి రాయండి. నేను ఆ రాత్రి చూశాను. మొదటి సినిమా 2001 నవంబరులో వచ్చినప్పుడు పన్నెండేళ్ళ పిల్లాడు, హ్యారీ వేషం వేసిన డేనియల్ రాడ్‌క్లిఫ్, ఇందులో గడ్డంతో ముప్పై రెండేళ్ళ మనిషి, లీవ్స్‌డెన్ స్టూడియోలో అదే భోజనాల హాలు సెట్టులోకి నడిచొస్తుంటే నాకు మా ఊరి హైస్కూలు గేటు గుర్తొచ్చింది, ఎందుకో అడక్కండి. సరే, అసలు సంగతి. మధ్యలో హాగ్రిడ్ వేషం వేసిన రాబీ కోల్ట్రేన్ ఒక మాటంటాడు. మా పిల్లల తరం వాళ్ళు ఈ సినిమాలు తమ పిల్లలకు చూపిస్తారు, యాభై ఏళ్ళ తర్వాత కూడా చూస్తుంటారు, అప్పటికి నేనుండను, హాగ్రిడ్ మాత్రం ఉంటాడు అని. అదే ఏడాది అక్టోబరు 14న పోయాడు. సమస్య ఆ మాటలోంచే పుట్టింది కాబట్టి మొదటి పూరణ నాదే, తర్వాత మీ ఇష్టం.

ఏబ దేండ్ల పిదప నింటింట పిల్లలు
చూతు రయ్య కథను, చూడ రాను,
హాగ్రి డుండు ననుచు నాతడు పల్కెను
నేను లేను గాని నేను గలను

బడిపంతులు:
బాగుంది నాయనా. "హాగ్రి డుండు" దగ్గర ఇంగ్లీషు పేరు చివరి పొల్లు మన సంధిలో ఎంత చక్కగా ఇమిడిందో చూడండి, కావాలని చేసినా ఇలా కుదరదు. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) హా-ఆ, చెల్లుతుంది. కానీ ఒక మాట. సమస్య ఇచ్చినవాడే మొదట పూరిస్తే, అదీ సమస్య ఎక్కడ పుట్టిందో ఆ సందర్భంతోనే పూరిస్తే, మిగతావాళ్ళకు తినేసిన విస్తరి మిగులుతుంది. వచ్చేసారి నువ్వు చివర రా.

మజ్జిగపులుసు:
పంతులుగారూ, విస్తరి ఖాళీ ఏం కాలేదు, నాకు చాలానే మిగిలింది 🙂 లేను, కానీ ఉన్నాను అనగానే మాయదుప్పటి గుర్తుకు రావద్దూ? మొదటి సినిమాలో హ్యారీ రాత్రిపూట లైబ్రరీలోకి దూరితే కాపలావాడు ఫిల్చ్ లాంతరు పట్టుకుని వస్తాడు కదా.

తండ్రి వదలి నట్టి దాచెడు దుప్పటి
కప్పు కొంటి నిదిగొ కాళ్ళు లేవు
లాంత రెత్తి ఫిల్చు రాత్రంత వెదకెను
నేను లేను గాని నేను గలను

పాలపిట్ట:
"ఇదిగొ కాళ్ళు లేవు" 😄 పక్కనున్న వాడికి చూపిస్తున్నట్టే ఉంది. నాకు నచ్చింది.

బడిపంతులు:
లాం-రా యతి భేషుగ్గా ఉంది, ర-లకు మైత్రి ఉందని చాలామంది మరిచిపోతారు. "దాచెడు దుప్పటి" మాత్రం అతికినట్టుంది, మాయదుప్పటి అన్నవాడివి పద్యంలో ఆ మాయ ఎందుకు వదిలేశావు? గణం కోసమేనని తెలుసు. తెలిసే అడుగుతున్నా. పైగా ఇది సినిమా కథే గాని పునస్సమాగమం ఏది? షరతు బడి గోడ దాటకూడదనే కాబట్టి నిర్వాహకుడు ఒప్పుకుంటాడేమో.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నా.

గణవిభజన:
నేను లండన్ దగ్గర ఉంటాను, లీవ్స్‌డెన్ స్టూడియో టూరుకు రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఒకసారి ఒక్కణ్ణే (టికెట్టు ధర ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది). అక్కడ చూశాకే హాగ్రిడ్ ఒకడు కాదు ఇద్దరని మనసుకెక్కింది. దగ్గరి షాట్లలో మొహం కోల్ట్రేన్‌ది. దూరం నుంచి తీసిన వాటిలో ఆ భారీ మనిషి మార్టిన్ బేఫీల్డ్, ఇంగ్లండ్ తరఫున రగ్బీ ఆడినవాడు, ఆరడుగుల పది అంగుళాలు. అందరూ హాగ్రిడ్‌ని తలుచుకుని ఏడ్చారు, నేనూ ఏడ్చాను, ఈయన్ని మాత్రం ఎవరూ తలవలేదు. ఆయన తరఫున:

దూర మందు నడచు దొడ్డ దేహము నాది
దగ్గ రైన మోము తాత దయ్య
రగ్బి యాడు వాడ రాక్షసు డైతిని
నేను లేను గాని నేను గలను

మజ్జిగపులుసు:
అన్నా ఇది వేరే లెవెల్. తెరమీద ఉన్నదీ నేనే, లేనిదీ నేనే. సమస్యకు ఇంత అచ్చంగా సరిపోయేది ఇంకోటి రాదు.

పాలపిట్ట:
రాక్షసుడు అనడం నాకు నచ్చలేదండీ. హాగ్రిడ్ సగం రాక్షసజాతి వాడే, కాదనను, కానీ తెలుగులో రాక్షసుడు అంటే మనకు కోరలే కనిపిస్తాయి. ఆ మనిషి గొడుగు పట్టుకుని పిల్లాడికి పుట్టినరోజు కేకు తెచ్చినవాడు.

గణవిభజన:
ర-రా యతి కోసం వచ్చి పడిందమ్మా. తోచిన మాట చెప్పండి, మార్చేస్తాను.

పాలపిట్ట:
తోచడం లేదు. ఉంచేయండి. కోరలు నేను చూడనట్టు ఉంటాను.

డబ్బింగ్ ప్రియుడు:
ఇంగ్లీషులో చూసినవాళ్ళే రాస్తున్నారు. మా ఊళ్ళో చివరి భాగం మేం తెలుగులోనే చూశాం, 2011 జులైలో. మీరంతా రాడ్‌క్లిఫ్ గొంతు అంటే నాకు వినిపించేది వేరే గొంతు. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియదు, ఏ పునస్సమాగమానికీ వాళ్ళను పిలవరు.

పెదవు లతని వైన వినిపించు మాటలు
నావి యయ్య, తెరను నాదు పేరు
కాన రాదు చివర గంటైన వెదకిన
నేను లేను గాని నేను గలను

బడిపంతులు:
"గంటైన వెదకిన". శభాష్. ఇందులో తప్పు పట్టడానికి అద్దాలు తుడుచుకుని మరీ చూశాను. దొరకలేదు.

మిణుగురు:
అందరికీ నమస్కారం. నేను ఈ గుంపుకు కొత్త, ఛందస్సు నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది, తప్పులుంటే మన్నించండి. స్నేప్ వేషం వేసిన అలన్ రిక్‌మన్ గురించి రాశాను. ఆయన 2016 జనవరి 14న పోయారు కాబట్టి ఈ కార్యక్రమంలో పాత దృశ్యాల్లోనే ఉంటారు. ఆ ముక్క వచ్చినప్పుడు నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది.

స్నేపు వేష మేసి చిరునవ్వు నవ్వక
కంటి తోనె కథను నడిపి నాడు
పాత రీలులో పలికెడు గొంతిది
నేను లేను గాని నేను గలను

బడిపంతులు:
రా తల్లీ. ముందు తప్పులు చెప్తాను, భయపడకు. రెండో పాదంలో యతి తప్పింది. మొదటి అక్షరం "కం", నాలుగో గణం మొదట "న" పెట్టావు, ఆ రెంటికీ మైత్రి లేదు. "నడిపి" తీసి "కదిపి" పెట్టు, కం-క సరిపోతుంది, నిజానికి కంటితో కథను కదిపాడు అంటేనే ఇంకా బాగుంది, ఆయన కనుబొమ్మ కదిలితే చాలు కదా హాలంతా నిశ్శబ్దం. మూడో పాదంలో ఒక లఘువు తగ్గింది, వేళ్ళమీద లెక్కపెట్టుకో: పాత, రీలు, తర్వాత "లో" ఒక్కటే మిగిలి సూర్యగణం కుంటుతోంది. "లోన" అను. పాత, రీలు, లోన, పలికెడు, గొంతిది. అయిపోయింది. "వేషమేసి" అన్నది మాట్లాడే భాష, పాతకాలం వాళ్ళు ఒప్పుకోరు, నేను ఇవాళ ఒప్పుకుంటాను. స్నే-చి యతి ఎలా కుదిరిందో తెలిసే పెట్టావా?

మిణుగురు:
తెలియదండీ 🙈 అలా వచ్చేసింది.

బడిపంతులు:
స-చలకు మైత్రి ఉంది. స్నేలో సకారం పట్టుకున్నావు. అలా వచ్చేస్తే చాలు, రెండు నెలలకు అదే ఎక్కువ.

మజ్జిగపులుసు:
ఏడుపు ఎక్కువైంది, కాస్త నవ్వుకుందాం. ఈ కార్యక్రమంలో పెద్ద పొరపాటు జరిగింది గుర్తుందా? హెర్మయొనీ వేషం వేసిన ఎమ్మా వాట్సన్ చిన్నప్పటి ఫొటో అని మిన్నీ మౌస్ చెవులు పెట్టుకున్న పాపను చూపించారు, తీరా చూస్తే ఆ పాప అమెరికన్ నటి ఎమ్మా రాబర్ట్స్! అభిమానులు పట్టేసుకున్నారు, వాళ్ళు ఒప్పుకుని మార్చారు. అది చాలదన్నట్టు కవలలు జేమ్స్, ఆలివర్ ఫెల్ప్స్‌ల పేర్లు కూడా తారుమారు చేశారు. పదేళ్ళు, ఎనిమిది సినిమాలు తీసినవాళ్ళ దగ్గరే ఇలా అయితే మా పెళ్ళి ఆల్బంలో మా బావ మొహం లేకపోవడం ఎంత.

ఎమ్మ చిన్న నాటి యీఫొటో యంచును
వేరె యెమ్మ ముఖము వేసి రయ్య
మిన్ని చెవుల పిల్ల మెల్లగా పలికెను
నేను లేను గాని నేను గలను

గణవిభజన:
సినిమాల్లో లేను గాని పునస్సమాగమంలో ఉన్నాను. ఒరే, ఇది నా రగ్బీ ఆయన్ని దాటేసింది, ఒప్పుకుంటున్నా.

బడిపంతులు:
పద్యం హాయిగా ఉంది. "యంచును" మాత్రం ఊతకర్ర. ఆ నాలుగు మాత్రలకు వేరే పని దొరికితే బాగుండేది.

సందేహి:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. అదంతా ఒక పెద్ద ప్రకటన. పాత సరుకు మళ్ళీ అమ్ముకోవడానికి అందర్నీ కూర్చోబెట్టి కళ్ళనీళ్ళు తుడుచుకోమన్నారు. కథ రాసినావిడ పాత ఇంటర్వ్యూ ముక్కల్లో తప్ప కనిపించదు, దాని గురించి ఎవరూ నోరెత్తలేదు.

నిర్వాహకుడు:
ప్రకటనే. అందులో అబద్ధం లేదు. రచయిత్రి సంగతి మొదలుపెడితే ఈ చర్చ ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు, రెండు వ్యాఖ్యలు ఇప్పటికే తీసేశాను, ఇక్కడ పద్యాలే. కానీ సందేహిగారూ, ఒక్కటి చెప్పండి. ఎమ్మా, రాన్ వేషం వేసిన రూపర్ట్ గ్రింట్ మధ్యలో మానేద్దామనుకున్న సంగతి చెప్పుకున్నప్పుడు, అంత చిన్నపిల్లలు ఒకరికొకరు కూడా చెప్పుకోకుండా ఎవరికి వాళ్ళే లోపల కుమిలారని తెలిసినప్పుడు, అదీ అమ్మకమే అనిపించిందా? దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్ మీ పాత్ర గురించి వ్యాసం రాయండి అంటే ఎమ్మా పేజీలకు పేజీలు, డేనియల్ ఒక్క పేజీ, రూపర్ట్ అసలు ఇవ్వనే లేదు. ముగ్గురూ పాత్రల్లోనే ఉన్నారన్నమాట. ఇంకో విచిత్రం. మెక్‌గొనగల్ టీచరుగా వేసిన మ్యాగీ స్మిత్, హెడ్మాస్టర్ డంబుల్‌డోర్‌గా వేసిన మైకేల్ గాంబన్ అప్పటికి బతికే ఉన్నారు, అయినా పాత దృశ్యాల్లో తప్ప రాలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. గాంబన్ 2023లో, ఆవిడ 2024లో. ఇప్పుడు మళ్ళీ చూస్తే అప్పుడు ఎవరు ఉండి రాలేదో, ఎవరు లేక రాలేదో నాకు తేడా తెలియడం లేదు.

సందేహి:
వ్యాసం సంగతి బాగుంది. ఆ ఒక్కటీ.

పాలపిట్ట:
నేనింకా రాయలేదు, రెండు రోజులుగా తిరుగుతోంది. కోరిక చూపించే అద్దం ముందు హ్యారీ కూర్చుంటాడు కదా, చచ్చిపోయిన అమ్మానాన్నలు అందులో కనిపిస్తారు. ఈ పునస్సమాగమం కూడా నాకు ఆ అద్దంలాగే అనిపించింది. అందుకని.

అద్ద మందు తల్లి యాప్యాయముగ నవ్వి
చేయి యూపె, బిడ్డ చెంత జేర
చేతి కందె గాజు, చెప్పెను మెల్లగా
నేను లేను గాని నేను గలను

మిణుగురు:
"చేతి కందె గాజు" దగ్గర ఆగిపోయానండీ.

డబ్బింగ్ ప్రియుడు:
బాగుంది గానీ సినిమాలో తల్లి చెయ్యి ఊపదు. అద్దంలో అతని భుజమ్మీద చెయ్యి వేస్తుంది, వాడు తన భుజం తడుముకుంటాడు, అక్కడ ఏమీ ఉండదు. నాకు ఆ షాట్ కంఠతా వచ్చు.

పాలపిట్ట:
నేను పుస్తకం చదివి రాశాను. అందులో వాళ్ళు చేతులూపుతారు, వీడు రెండు చేతులూ అద్దానికి ఆనించి చూస్తుంటాడు.

బడిపంతులు:
సినిమా కావాలంటే రెండో పాదం ఇలా మార్చుకోవచ్చు: "భుజము దట్టె, బిడ్డ ముట్ట బోవ". పు ఫు బు భులకు ము చెల్లుతుంది కాబట్టి భు-ము యతికి ఢోకా లేదు. కానీ అమ్మా, నీ పాదమే ఉంచు. భుజం తట్టించుకున్నవాడికి గాజు తగిలితే అంత దెబ్బ తగలదు. దూరం నుంచి చేయి ఊపితే పిల్లాడు పరిగెత్తుకుని వెళ్తాడు, అప్పుడు తగలాలి గాజు.

డబ్బింగ్ ప్రియుడు:
సరే. పుస్తకం గెలిచింది.

నిర్వాహకుడు:
ఈ వారానికి ఇంతే. నా ఓటు పాలపిట్టగారికి, నవ్వించినందుకు మజ్జిగపులుసుకు. వచ్చే వారం తేటగీతి, మంత్రగత్తె అని మాత్రం రాయకండి, అది అందరూ రాస్తారు:

*చీపు రెక్కెను ముసలమ్మ చిటికె లోన*

మిణుగురు:
పంతులుగారూ, సరిదిద్ది మళ్ళీ పెడుతున్నాను. లెక్క మూడుసార్లు చూసుకున్నా.

స్నేపు వేష మేసి చిరునవ్వు నవ్వక
కంటి తోనె కథను కదిపి నాడు
పాత రీలు లోన పలికెడు గొంతిది
నేను లేను గాని నేను గలను

బడిపంతులు:
సరిపోయింది. ఫోన్ ఇక బోర్లా పెట్టకు.