అప్‌డేట్: రెండూ పూర్తి చేశాను

మొదటిది ఆడకుండా నేరుగా మాస్ ఎఫెక్ట్ 2 అనే అంతరిక్ష వీడియో గేమ్ మొదలుపెట్టొచ్చా అని అడిగాను కదా, ఎక్కువమంది వద్దన్నారు. మీ మాట విని 2007 నాటి మొదటి గేమ్ ముగించి, అదే సేవ్‌తో (అందులో నా నిర్ణయాలు కొనసాగేలా) 2010 నాటి రెండోదీ ఆడేశాను.

మొదటి గేమ్‌లో విర్మైర్ గ్రహం మీద మన జట్టులోని రెక్స్‌తో గొడవ గుర్తుందా? ఎలాగోలా నచ్చజెప్పి బతికించుకున్నాను. రెండో గేమ్‌లో అతని సొంత గ్రహం టుచాంకాకి వెళ్తే, ఉర్డ్‌నాట్ తెగ నాయకుడిగా కూర్చుని ఉన్నాడు! నన్ను చూడగానే లేచి వచ్చాడు. అతను చనిపోయి ఉంటే ఆ స్థానంలో రీవ్ అనే మరో పాత్ర ఉంటాడు. ఈ ఒక్క సీన్ చాలు, మొదటిది ఆడినందుకు.

పోరాటం మాత్రం రెండోదే మెరుగు. తుపాకీ వేడెక్కితే ఆగే పద్ధతి పోయి థర్మల్ క్లిప్పులు (తూటాల్లా ఏరుకుని మార్చుకునేవి) వచ్చాయి. మొదట్లో చిరాకేసింది, తర్వాత అలవాటైంది. 150 వస్తువుల ఇన్వెంటరీని గంటలకొద్దీ సర్దే బాధ తప్పింది. కానీ కవచాలు ఏరుకోవడం నాకు ఇష్టమే, అది దాదాపు తీసేశారు. మొదటి గేమ్‌లో గ్రహాల మీద నడిపే ‘మాకో’ అనే బండి కుదుపులు భరించొచ్చు గానీ, రెండోదాంట్లో ఖనిజాల కోసం గ్రహాలను స్కాన్ చేయడం శుద్ధ దండగ.

రెండోదాని చివరి మిషన్‌లో, జట్టులోని జేకబ్ తానే వస్తానంటే వెంట్ (గాలి గొట్టం) లోకి పంపాను. పోయాడు. సాంకేతిక నిపుణురాలు టాలీని పంపాల్సింది. మా అంతరిక్ష ఓడ కవచం అప్‌గ్రేడ్ చేయనందుకు జట్టులోని జాక్ అంతకుముందే చనిపోయింది. పాత సేవ్ లోడ్ చేయకుండా, ఇద్దరూ లేకుండానే మూడోది మొదలుపెడుతున్నాను.