క్యాట్ మోడలింగ్‌లో ఉద్యోగం: అనంతపురం తమ్ముడికి జవాబులు

ప్రశ్న (అనంతపురం, ఇప్పుడు బోస్టన్): అన్నలకు, అక్కలకు నమస్తే. ఆంధ్రా యూనివర్సిటీలో మెటియొరాలజీ ఎమ్మెస్సీ చేసినా. ఇక్కడ ఎమ్మెస్ డిసెంబర్‌కు అయిపోతుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్, పైథాన్ వచ్చు (మొదటిది వాతావరణ మోడల్). ఇన్సూరెన్స్ వాళ్ళ క్యాట్ మోడలింగ్‌లోకి (తుఫాన్లు, వరదల్లాంటి పెద్ద విపత్తుల నష్టాన్ని కంప్యూటర్లో ముందే అంచనా కట్టే పని) పోవాలంటే ఏం నేర్చుకోవల్ల?

జవాబు (కర్నూలు, ఇప్పుడు హార్ట్‌ఫర్డ్): తమ్ముడూ, మోడల్ తయారుచేసేవాళ్ళు వేరు, వాడేవాళ్ళు వేరు. వెరిస్క్, 2021లో ఆర్‌ఎంఎస్‌ను కొనుక్కున్న మూడీస్ మొదటి రకం. అక్కడ తుఫాను సైన్సు పనికి పీహెచ్‌డీలతో పోటీ. ఎమ్మెస్‌తో తొందరగా దొరికేది రీఇన్సూరెన్స్ (ఇన్సూరెన్స్ కంపెనీలకే ఇన్సూరెన్స్), బ్రోకర్ ఆఫీసుల్లో. రోజంతా ఎస్‌క్యూఎల్ సర్వర్‌తోనే పని, ముందు అది గట్టిగా పట్టు.

పాత క్లెయిముల లెక్క చూసుకొని ధైర్యంగా కూర్చున్న కంపెనీలు కొన్ని 1992లో ఆండ్రూ హరికేన్ దెబ్బకు దివాలా తీసినాయి. పాత రికార్డును నమ్ముకుంటే ఏమవుతుందో 2009 అక్టోబర్‌లో తుంగభద్ర వరద మన కర్నూలుకూ చూపించింది. అందుకే మోడల్ జరగని తుఫాన్లను కూడా వేల ఏండ్లకు పుట్టించి లెక్కేస్తుంది.

జవాబు (కడప, ఇప్పుడు లండన్): గాలివేగం నీకు తెలుసు, దాని గురించి దిగులొద్దు. తప్పులొచ్చేది ఎక్స్‌పోజర్ ఫైల్లో, అంటే ఇన్సూర్ చేసిన ఇండ్ల వివరాల పట్టికలో. అడ్రస్ దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ ఇంటిని జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఏరియా నడిమధ్యన పెడుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఇల్లు మైళ్ళ దూరం లోపలికి పోతుంది, నష్టం తక్కువగా కనపడుతుంది. కట్టిన సంవత్సరం ఖాళీగా ఉంటే సగటు వేసుకుంటుంది. ఫ్లోరిడాలో 2002 మార్చిలో కొత్త బిల్డింగ్ కోడ్ వచ్చింది కాబట్టి ఆ గడి చాలా ముఖ్యం.

డిడక్టిబుల్, అంటే నష్టంలో ఇంటాయన సొంతంగా భరించే భాగం, ఇంకా మోసం. ఇల్లు 4,00,000 డాలర్లు, హరికేన్ డిడక్టిబుల్ 2 శాతం, అంటే 8,000. నష్టం 10,000 అయితే కంపెనీ ఇచ్చేది 2,000. అదే 2ను శాతం అని కాకుండా డాలర్లుగా ఎక్కిస్తే 9,998 అని వస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు!

ఇంటర్వ్యూలో ఓఈపీ, ఏఈపీ తేడా అడుగుతారు. రెండూ నష్టం ఒక మొత్తాన్ని దాటే అవకాశం ఎంతో చెప్పేవే. ఓఈపీ ఆ ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద ఒక్క దెబ్బది, ఏఈపీ ఏడాది మొత్తానిది. 2004లో చార్లీ, ఫ్రాన్సిస్, ఐవన్, జీన్ నాలుగు హరికేన్లూ ఆరేడు వారాల్లో ఫ్లోరిడాను కొట్టినాయి. అట్లాంటి ఏడాది ఓఈపీ ఒక్కటే చూస్తే సగం కథే. ‘నూరేండ్లకు ఒకసారి’ అన్నది 30 ఏండ్లలో వచ్చే అవకాశం 26 శాతం, ఆ లెక్క నోటికి రావల్ల.

ప్రాక్టీసుకు ఓయాసిస్ అనే క్యాట్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఓపెన్ సోర్స్. దాంట్లో పైవిండ్ అనే చిన్న బొమ్మ మోడల్ ఉంది, నడిపి చూడు. బేసిస్ రిస్క్ (ఇన్సూరెన్స్ లెక్కకు, నిజంగా జరిగిన నష్టానికి పొంతన లేకపోవడం) అడిగితే మన శెనక్కాయ ఇన్సూరెన్స్ చెప్పు. మండలంలో వాన కొలిచే గేజ్ కాడ వాన పడుతుంది, చేను మీద పడదు, డబ్బు రాదు.

ప్రశ్న అడిగిన తమ్ముడు: థ్యాంక్స్ అన్నా. ఓపీటీకి (చదువైనాక అమెరికాలో పనిచేసే పర్మిషన్) ఎప్పుడు అప్లై చేయల్ల?

జవాబు (కర్నూలు, హార్ట్‌ఫర్డ్): ప్రోగ్రాం ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి చేయొచ్చు, ఆలస్యం చేయాకు. ఓపీటీ మొదలైనాక ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. ఉద్యోగాలకు మాత్రం ఆగస్టు, సెప్టెంబర్‌లోనే కదులు. జనవరి 1న రీఇన్సూరెన్స్ కాంట్రాక్టుల రెన్యూవల్స్ కాబట్టి నవంబర్, డిసెంబర్‌లో ఈ ఆఫీసుల్లో నీ మెయిల్ చూసే తీరిక ఎవరికీ ఉండదు. సైన్సు, ఇంజనీరింగ్ చదివినోళ్ళకిచ్చే 24 నెలల స్టెమ్ ఓపీటీ పొడిగింపుకు కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని పర్మిషన్ చెక్ చేసే ప్రభుత్వ సిస్టం) ఉండాల. చిన్న బ్రోకర్లు కొందరు ఉండరు. ఆఫర్ లెటర్ వచ్చినాక కాదు, మొదటి ఫోన్‌లోనే అడుగు.