మోన్‌రియాలె మొజాయిక్‌లో గోడ గతుకులుగా ఉంది, పాడైపోయిందా?

ప్రశ్న:
ఇటలీలోని సిసిలీ ద్వీపంలో, పలెర్మో ఊరి పైన కొండ మీదున్న మోన్‌రియాలె కేథడ్రల్ చూసి వచ్చాను. లోపల గోడలన్నీ మొజాయిక్, అంటే చిన్న చిన్న ముక్కలు గారలో అతికించి చేసిన బొమ్మలు. లోపలికి వెళ్ళి తలెత్తగానే మాట పడిపోయింది. బలిపీఠం వెనక అర్ధగోళంలాంటి కప్పంతా క్రీస్తే, రెండు చేతులూ చాచి. ఆయన వెనక అంతా బంగారం. అయితే ఒక ఫొటోలో ఆ బంగారం మండుతున్నట్టుంది. కాస్త పక్కకి జరిగి, మబ్బు పట్టాక తీసిన ఫొటోలో సగం మేర మసక గోధుమరంగు. పక్క నడవలో గోడకి ఆనుకుని పైకి చూస్తే ముక్కలు ఒకే మట్టంలో లేవు, ఎగుడుదిగుడుగా కనిపించాయి. 1811లో అక్కడ అగ్నిప్రమాదం జరిగిందట. తర్వాత మరమ్మతు సరిగా చెయ్యలేదా? ఎనిమిది వందల ఏళ్ళకి గోడ ఉబ్బిందా? మనసులో చిన్న బాధగా ఉండిపోయింది, అందుకే అడుగుతున్నాను.

జవాబు 1:
బాధపడకండి, మీరు చూసింది పాడైపోయిన గోడ కాదు. 1811 మంటల్లో ప్రధానంగా కాలింది చెక్క పైకప్పు. ఆ ఎగుడుదిగుడు పనివాళ్ళు కావాలని చేసిందే.

నేను కొన్నాళ్ళు మొజాయిక్ పని నేర్చుకున్నాను. బంగారు ముక్క అంటే పైన పూత పూసింది కాదు. అడుగున మందపాటి గాజు, దాని మీద పల్చటి బంగారు రేకు, మళ్ళీ పైన ఉల్లిపొరంత గాజు, మూడూ కొలిమిలో కలిసిపోతాయి. అందుకే ఇన్ని శతాబ్దాలైనా రేకు రాలలేదు. మొద్దులో దిగేసిన ఉలి అంచు మీద గాజు పెట్టి, రెండు కొనల సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. ఏ రెండు ముక్కలూ అచ్చంగా ఒకేలా రావు.

నా మొదటి పలకని అద్దంలా నున్నగా చేశాను, చాలా గర్వంగా కూడా ఉండింది. నేర్పించినావిడ ఏమీ అనకుండా దాన్ని కిటికీ పక్కన నిలబెట్టి నన్ను అటూ ఇటూ నడవమన్నారు. ఒక్క చోట నుంచి కళ్ళు చెదిరేలా తెల్లగా మెరిసింది. ఇంకెక్కడ నిలబడినా చచ్చిన నలుపు. రెండో పలకలో తడి సున్నపు గారలో ఒక్కో ముక్కనీ బొటనవేలితో ఒక్కో వాలుకి నొక్కించారు. అప్పుడు నేను ఎటు కదిలితే అటు ఏవో కొన్ని ముక్కలు వెలిగేవి. గార గట్టిపడేలోపే ఇదంతా జరగాలి, కాబట్టి ఒక పూటలో పూర్తిచెయ్యగలిగినంత మేరే గార వేస్తారు. మోన్‌రియాలెలో ఆరువేల చదరపు మీటర్లకి పైగా ఉంది. ఆ సంఖ్య తలుచుకున్నప్పుడల్లా నాకు నా బొటనవేలే గుర్తొస్తుంది.

ముఖాలు మాత్రం వేరే లెక్క. అక్కడ ముక్కలు బాగా చిన్నవి, చెంప వంపు ఎటు తిరిగితే వరుసలూ అటే తిరుగుతాయి. వెనక బంగారం కదులుతుంటే ముఖం నిలకడగా ఉండేది అందుకే.

జవాబు 2:
పైవారు చెప్పింది చదివాక నాకు చెఫాలూ కేథడ్రల్ గుర్తొచ్చింది. అదీ సిసిలీలోనే, సముద్రం ఒడ్డున. సిసిలీ రాజు రోజర్ 2 మొదలుపెట్టించాడు, అర్ధగోళంలో పనికి 1148 అని శాసనం ఉంది. అక్కడి క్రీస్తు చేతిలో తెరిచిన పుస్తకం, ఒక పేజీ గ్రీకు, ఒక పేజీ లాటిన్. రెండింట్లోనూ ఒకటే మాట: ‘నేను లోకమునకు వెలుగును’. వెలుతురుని బట్టి మారే బంగారం మధ్యలో ఆ వాక్యం! అక్కడి రాజులు లాటిన్ చర్చి వాళ్ళు, ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు. పనితనం మాత్రం బైజాంటియం, అంటే గ్రీకు మాట్లాడే తూర్పు రోమన్ సామ్రాజ్యం నుంచి తెచ్చుకున్నారు. ఆ ద్వీపంలో గ్రీకు, అరబ్బీ, లాటిన్ మూడూ నడిచేవి.

ప్రశ్న అడిగినవారు:
మీ ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకొక్కటి. మోన్‌రియాలెలో అర్ధగోళం కింది వరుసలో బిషప్పు బట్టల్లో ఒకాయన, పక్కన ‘థామస్’ అనే అక్షరాలు. అపొస్తలుడు తోమాయేనా?

జవాబు 2:
కాదండీ, ఆయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్. 1170లో ఇంగ్లండ్ రాజు హెన్రీ 2 మనుషులు ఆయన్ని కాంటర్‌బరీ కేథడ్రల్‌లోనే చంపేశారు, 1173లో పునీతుడిగా ప్రకటించారు. మోన్‌రియాలె కట్టించిన సిసిలీ రాజు విలియం 2 పెళ్ళాడింది ఆ హెన్రీ కూతురు జోన్‌ని, 1177లో. ఆమె తండ్రి మనుషుల చేతిలో పోయినవాడు, ఆ తండ్రికే అల్లుడైనవాడి చర్చిలో బంగారం మధ్య నిలబడ్డాడు. ఆమె ఆ బొమ్మ ముందు ఏమనుకుని ఉంటుందా అని నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి బాగా పెద్దవి చేసి చూశాను. మొదటిదాంట్లో క్రీస్తు కుడి భుజం పక్కన నల్లగా ఉన్న ముక్కలే రెండోదాంట్లో వెలుగుతున్నాయి.